టీ స్క్వేరు, ఇంకు పెన్నులు: ఇన్నేళ్ళు వాడాక

మా అక్క కొడుక్కి అనంతపురంలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. మొదటి ఏడాదే డ్రాయింగ్ ఉంటుంది కదా, "మామా, నీ డ్రాఫ్టర్ ఉందా, కొత్తది కొనాల్నా?" అని ఫోన్ చేశాడు. అటక మీది పెట్టె దించాను. 1989లో ఐటీఐ ముగించి, కర్నూలులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక లైసెన్స్‌డ్ సర్వేయర్ దగ్గర చేరినప్పటి నుంచి పోగైన సామాను అది. 2006 దాకా రోజూ, కంప్యూటర్ వచ్చాక అప్పుడప్పుడూ వాడాను. ఏది అక్కరకొచ్చింది, ఏది దండగ అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందు వాడు అడిగిన మినీ డ్రాఫ్టర్. కాలేజీకి చాలు. బల్లకు ఎడమవైపు పైన బిగిస్తే రెండు స్కేళ్ళూ ఎక్కడికి జరిపినా వాలు మారకుండా వస్తాయి. కానీ దాని ప్రాణమంతా మరల్లోనే ఉంది. వాడే కొద్దీ కీళ్ళు వదులవుతాయి. స్కేలు కొస అరమిల్లీమీటరు ఊగిందంటే, బల్లంత పెద్ద ఎ1 షీటు అవతలి చివరికి పోయేసరికి గోడలు కలవవు. రెండేళ్ళకే దాన్ని పక్కన పెట్టి టీ స్క్వేరుకు, అంటే ఇంగ్లీషు T ఆకారంలో ఉండి బల్ల అంచు వెంట జరిపే స్కేలుకు, వచ్చేశాను. ఒక టీ స్క్వేరు, ఒక 45 సెట్ స్క్వేరు, ఒక 30-60. పదిహేను డిగ్రీల మెట్లలో ఏ కోణమైనా వీటితోనే వచ్చేస్తుంది, బిగించే మరలు లేవు, వదులయ్యే కీళ్ళు లేవు. కొనేటప్పుడు రెండు చుక్కలు పెట్టి గీత గీయండి. అంచు తిరగేసి అవే చుక్కలు మళ్ళీ కలపండి. మధ్యలో సందు కనిపిస్తే ఆ అంచు వంగినట్టే.

అసలు చెప్పాల్సింది ఇంకు పెన్నుల గురించి. అప్పట్లో ప్లాన్లకు నకళ్ళు అమోనియా ప్రింటుతో తీసేవాళ్ళు, పెన్సిల్ గీత అందులో వెలవెలబోతుంది. ప్రింటు కాగితం మీది మందును వెలుతురు చంపేస్తుంది. ట్రేసింగు మీది, అంటే ప్లాను గీసిన పలచటి కాగితం మీది గీత వెలుతురును ఎక్కడ ఆపిందో అక్కడ మాత్రమే మందు మిగిలి, అమోనియా ఆవిరి తగలగానే నీలంగా తేలుతుంది. గీత నల్లగా, చిక్కగా ఉంటేనే ప్రింటు బాగుంటుంది. అందుకే పైకి పోయే ప్లాను ఏదైనా ఇంకులోనే గీసేవాణ్ణి.

నా దగ్గరున్న పెన్నులు, గీత మందం మిల్లీమీటర్లలో, 0.18, 0.25, 0.35, 0.5, 0.7. ఈ అంకెలేంటి ఇంత తిక్కగా అని మొదట్లో విసుక్కున్నాను. ఒక్కొక్కటీ ముందుదానికి సుమారు 1.4 రెట్లు. కాగితాల సైజులదీ అదే లెక్క. ఎ1 షీటును ఎ2కు తగ్గిస్తే 0.5 గీత 0.35 అవుతుంది, ఆ కాపీని 0.35 పెన్నుతోనే దిద్దుకోవచ్చు. గోడలకు 0.5, తలుపులూ కిటికీలకు 0.35, కొలతల గీతలకు 0.18. పెన్నుల మీద రంగు గుర్తులుంటాయి, 0.18కి ఎరుపు, 0.35కి పసుపు, 0.5కి గోధుమ. నాకు ఇప్పటికీ పసుపు చూస్తే కిటికీలు గుర్తొస్తాయి, నవ్వకండి.

ఈ పెన్నుకు ముక్కు సన్నటి గొట్టం. లోపల వెంట్రుకలాంటి తీగ, దాని వెనక చిన్న బరువు. ఊపితే టిక్ టిక్ అనాలి. అనలేదంటే ఇంకు గడ్డకట్టింది. కర్నూలు ఎండల్లో ఇదే టెన్షన్. మే నెలలో 43 డిగ్రీలు, పొడిగాలి. మూత తీసిపెట్టి టీ తాగొచ్చేలోపు ముక్కు ఎండిపోతుంది. ఫ్యాన్ వేస్తే ట్రేసింగ్ పేపరు లేస్తుంది, ఆపితే చెమట. చెమట పడ్డచోట పేపరు ముడతలు పడుతుంది, చేతి జిడ్డు అంటినచోట ఇంకు పట్టదు. నాలుగు మూలలా నున్నటి బేతంచెర్ల బండ ముక్కలు పెట్టి, చేతి కింద రుమాలు పరిచి, గీసే ముందు సుద్దపొడి రుద్ది దులిపేవాణ్ణి. ఇంకు సెట్ స్క్వేరు కిందికి పాకకుండా అడుగున మూడు పాత పది పైసల బిళ్ళలు అంటించాను. అవి ఇంకా ఊడలేదు.

కొత్తలో ఒకసారి తెలివి మీరి 0.18 తీగను బయటికి లాగి తుడిచాను. తిరిగి దూర్చబోతే వంగిపోయింది. కొత్త ముక్కు కొన్న నెల సినిమాలు లేవు. తప్పు పెన్నుది కాదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఊపడం తప్ప ఆ సైజుకు ఇంకే వైద్యమూ వద్దు. గీసేటప్పుడు నిటారుగా పట్టుకోవాలి, వాల్చి గీస్తే ముక్కు ఒకవైపే అరిగి పేపరును గీరుతుంది. గీత తప్పితే సగం బ్లేడుతో మెల్లగా గీకి, రబ్బరుతో తుడిచి, గోటితో నున్నగా రుద్దాలి. రుద్దకుండా గీస్తే ఇంకు వేర్లలా పాకుతుంది.

2009 అక్టోబరు వరదలో మా గది మునిగింది. బురద తీశాక చూస్తే ట్రేసింగ్ పేపరు చుట్టలన్నీ ముద్ద. ఫిల్ము మీద, అంటే గీతలకు వాడే ప్లాస్టిక్ షీటు మీద గీసినవి నాలుగే, కడిగి ఆరేస్తే షీట్లు చెక్కుచెదరలేదు, గీతలు మాత్రం అక్కడక్కడా రాలాయి. ఫిల్ము ముక్కును తొందరగా అరగదీస్తుందని పిసినారితనంతో ఎప్పుడూ పేపరే వాడాను. ఆ లెక్క తప్పింది. పెన్నులను రెండు రోజులు నానబెడితే నాలుగు పలికాయి, 0.25 పలకలేదు.

కాబట్టి మా వాడికి నా సలహా: డ్రాఫ్టర్ నాది తీసుకో, మరలు బిగించి ఇస్తా. కాంపస్ మాత్రం కొత్తది, మధ్యలో మర తిప్పే రకం కొనుక్కో. పెన్సిళ్ళు 2హెచ్, హెచ్, హెచ్‌బీ ఉంటే చాలు, ఇంకు పెన్నుల జోలికి పోవద్దు, వారం వారం కడిగే ఓపిక నీకు లేదు. అంతగా అడిగితే 0.35 ఇస్తానేమో గానీ, 0.18 మాత్రం ఇయ్యను.