పద్యాలు కాపాడిన డీటీపీ సెంటర్

నాన్నగారి 42 పద్యాలు 'అను' అనే తెలుగు ఫాంట్‌లో టైపు చేయించి, టెక్స్ట్ ఫైలుగా అన్నయ్యకు మెయిల్ చేశాను. అక్కడ తెరిస్తే అన్నీ ఇంగ్లీషు ముక్కలు, పిచ్చి గుర్తులు! గాభరాగా విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గరి డీటీపీ సెంటరుకి వెళ్లాను.

"టెక్స్ట్ ఫైలులో ఫాంటు వివరం ఉండదండీ. అను ఫాంటు ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీదే తెలుగు చూపిస్తుంది. ఫాంటు పోతే ఆ కోడ్లే మిగులుతాయి," అంది అక్కడి అమ్మాయి. అంత విడమరచి నాకెవరూ చెప్పలేదు. కన్వర్టర్‌తో తెలుగు అక్షరాలకు సొంత కోడ్లుండే యూనికోడ్‌లోకి మార్చి, నోట్‌ప్యాడ్‌లో ఆ కోడ్లను నిలిపే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసింది. తెలుగుకు చోటులేని ఆన్సీ పద్ధతి పెడితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుందట. కొన్ని వత్తులు తప్పుగా వస్తే, నాన్నగారి నోటుపుస్తకం పక్కన పెట్టుకుని తనే దిద్దింది. పాదాలు చెదరకుండా పీడీఎఫ్ కూడా ఇచ్చింది.

150 రూపాయలు. కూర్చోడానికి ఒక్కటే కుర్చీ, గంటన్నర పట్టింది. ఆ రాత్రే అన్నయ్య ఫోన్లో మొదటి పద్యం చదివి వినిపించాడు.