ఎఫ్‌ఎన్‌పీ చదువు: ఆరేళ్లు ప్రాక్టీసు చేశాక నా లెక్క

అమెరికాలో ఎనిమిదేళ్లు ఐసీయూలో ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేసి, 2016లో ఎంఎస్‌ఎన్‌లో (నర్సింగ్‌లో మాస్టర్స్) చేరాను. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టిషనర్ (ఎఫ్‌ఎన్‌పీ) ట్రాక్, అంటే రోగుల్ని తనే పరీక్షించి మందులు రాసే నర్సు చదువు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే. 2019లో డిగ్రీ చేతికొచ్చింది. అప్పట్నుంచి టెక్సస్‌లో ఒక ప్రైమరీ కేర్ క్లినిక్‌లో (మామూలు జబ్బులకి జనం ముందుగా వెళ్లే చోటు) రోగుల్ని చూస్తున్నాను. చేరిన కొత్తలో అడిగితే ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. క్లినికల్స్ (రోగుల దగ్గర చేసే శిక్షణ) నడిచేటప్పుడు అడిగుంటే ఒకటి కూడా దక్కేది కాదు. ఇప్పుడు మూడున్నర.

ముందు మంచి చెప్తాను. పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్ (ఇంగ్లిష్‌లో మూడూ P తో మొదలవుతాయి కాబట్టి అందరూ త్రీ పీస్ అంటారు) మూడూ గట్టిగానే చెప్పారు. ముఖ్యంగా ఫార్మకాలజీ. మందు ఎలా ఇవ్వాలో, ఇచ్చాక ఏం గమనించాలో ఆర్‌ఎన్‌గా నాకు తెలుసు. ఈ మందే ఎందుకు, పక్కది ఎందుకు కాదు అని మాత్రం అంతవరకూ నన్నెవరూ అడగలేదు. వారం వారం రాయాల్సిన డిస్కషన్ పోస్టుల సంగతి వేరు. నైట్ డ్యూటీ దిగొచ్చి హార్ట్ ఫెయిల్యూర్ మీద ఆరు పేజీలు రాస్తే, జబ్బు గురించి ఒక్క ముక్క అనకుండా రిఫరెన్సుల్లో కామాలకి నాలుగు మార్కులు కోశారు. ఆ కామాలు ఇప్పటికీ ఏ రోగికీ పనికి రాలేదు.

అసలు కథ క్లినికల్ గంటల దగ్గర మొదలైంది. నా కోర్సులో 630 గంటలు. అప్పటికి జాతీయ ప్రమాణాల్లో కనీసం 500 ఉంటే సరిపోయేది. 2022లో దాన్ని 750కి పెంచారు, కాబట్టి ఇప్పుడు చేరేవాళ్లకి బరువు ఇంకా ఎక్కువ. ఆ గంటలు చేయించే ప్రిసెప్టర్‌ని, అంటే తన దగ్గర పెట్టుకుని పని నేర్పే డాక్టర్‌నో ఎన్‌పీ (నర్స్ ప్రాక్టిషనర్)నో, వెతుక్కోవడం విద్యార్థి పనేనని హ్యాండ్‌బుక్‌లో ఎక్కడో ఒక వాక్యం ఉంది. చేరేముందు ఆ వాక్యం నా కంట పడలేదు. అడ్మిషన్స్‌లో మాట్లాడినావిడ "మేం సపోర్ట్ చేస్తాం" అంది. ఆ సపోర్ట్ అంటే పాత ఫోన్ నంబర్ల జాబితా అని తర్వాత తెలిసింది. డ్యూటీ దిగి కారులోనే కూర్చుని క్లినిక్‌లకి ఫోన్లు చేసేదాన్ని. నలభై దాటాక లెక్కపెట్టడం మానేశాను. కొందరు డబ్బులడిగారు. పిల్లల రొటేషన్‌కి (పిల్లల వైద్యంలో చేయాల్సిన క్లినికల్ విడతకి) చోటు దొరక్క ఒక సెమిస్టర్ పూర్తిగా పోయింది. మధ్యలో కుదిర్చిపెట్టే కంపెనీలున్నాయి, గంటకింత అని వసూలు చేస్తారు. ఒక రొటేషన్‌కి నేనూ కట్టాను. కడుపు మండుతూనే కట్టాను.

దొరికిన నలుగురిలో ఇద్దరి దగ్గర గోడకి ఆనుకుని చూడటమే. మూడో ఆవిడ వల్లే నేనివాళ ఎన్‌పీని. ఆవిడా ఎన్‌పీయే, ఇరవై ఏళ్ల అనుభవం. మొదటి రోజు ఒక రోగి గురించి ఐసీయూ అలవాటు కొద్దీ షిఫ్టు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాను. అంతా విని "అయితే ఏం చేద్దామంటావ్?" అంది. నా నోట్లోంచి వచ్చిన మాట "డాక్టర్‌కి చెప్తాను." ఆవిడ నవ్వలేదు. "ఈ గదిలో చెప్పడానికి ఇంకెవరూ లేరు" అంది.

ఇంకోరోజు రెండు నెలలుగా పొడిదగ్గు తగ్గని ఒకాయన వచ్చాడు. అప్పటికే రెండుసార్లు యాంటీబయోటిక్ వాడేశాడు. నేను ఛాతీ ఎక్స్‌రే అన్నాను. "ముందు మందుల లిస్టు చదువు" అంది. బీపీకి లిసినోప్రిల్. ఆ మందుకి దగ్గు వస్తుందని పరీక్షలో రాసినదాన్నే, మనిషి ఎదురుగా ఉంటే తట్టలేదు. లోసార్టాన్‌కి మార్చాం. కొన్ని వారాలకి దగ్గు పోయింది. పుస్తకంలో ఉన్నది చేతికి రావడం అంటే ఏమిటో ఆ గదిలో తెలిసింది. ఇలాంటి మనిషి దొరకడం నా అదృష్టమే తప్ప, అందులో కాలేజీ ప్రమేయం ఏమీ లేదు. వేల డాలర్లు కట్టినవాళ్లకి అదృష్టం మీద ఆధారపడాల్సిన ఖర్మేంటి?

ట్రాక్ విషయంలో తప్పు నాదే. "ఎఫ్‌ఎన్‌పీ అయితే అన్ని వయసులూ చూడొచ్చు, ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది" అన్నారు, నమ్మాను. అన్ని వయసులూ నిజమే, కానీ అది ప్రైమరీ కేర్ చదువు. ఐసీయూకి అక్యూట్ కేర్ (తీవ్రంగా జబ్బు పడ్డవాళ్లని చూసే) ట్రాక్ వేరే ఉంది. ఎనిమిదేళ్ల ఐసీయూ పనితనం పెట్టుకుని ఎన్‌పీగా అదే ఐసీయూలోకి వెళ్లలేకపోయాను.

ఎన్‌పీ సర్టిఫికేషన్ పరీక్ష గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. పరీక్ష పెట్టే బోర్డులు రెండున్నాయి, నేను ఏఏఎన్‌పీసీబీ అనే బోర్డుది రాశాను: 150 ప్రశ్నలు, మూడు గంటలు. అంతా క్లినికల్. త్రీ పీస్ బాగా చదివినవాళ్లకి భయం లేదు. పాసయ్యాక రాష్ట్రం లైసెన్సు, డీఈఏ నంబరు (నియంత్రణలో ఉన్న మందులు రాయడానికి కావాల్సింది), ఇన్సూరెన్సు కంపెనీల క్రెడెన్షియలింగ్ (అర్హతల తనిఖీ) అంటూ ఇంకో నాలుగు నెలలు ఆర్‌ఎన్‌గానే చేశాను. టెక్సస్‌లో మందులు రాయాలంటే ఒక డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అరిజోనాలో అక్కర్లేదు. అదే చదువు, అదే పరీక్ష, రాష్ట్రం దాటితే అధికారం మారిపోతుంది.

ఖర్చు ఫీజులకే 34,000 డాలర్ల దాకా అయింది. నా హాస్పిటల్ ఏడాదికి 5,250 చొప్పున ఇచ్చింది, పన్ను పడకుండా ఇవ్వగలిగేది అంతే. బదులుగా రెండేళ్లు వదిలి వెళ్లనని సంతకం పెట్టించుకున్నారు.

ఇంత తిట్టుకున్నాక కూడా అక్యూట్ కేర్‌లో పోస్ట్ మాస్టర్స్ సర్టిఫికెట్ (మాస్టర్స్ అయ్యాక చేసే అదనపు కోర్సు) చేద్దామనుకుంటున్నాను. పోయిన నెల ఒక యూనివర్సిటీకి ఒకే ప్రశ్న రాసి పంపాను: ప్రిసెప్టర్‌ని మీరే చూపిస్తారా, చూపించలేకపోతే ఆ సెమిస్టర్ ఫీజు వెనక్కిస్తారా, రాతపూర్వకంగా చెప్పండి అని. ఫోన్ చేసి "మేం సపోర్ట్ చేస్తాం" అన్నారు. మెయిల్‌కి మాత్రం ఇంకా జవాబు రాలేదు.