ఆముదం: మృగశిరలోనా, పుష్యమిలోనా? డీఏపీయా, సూపరా?

నాగర్‌కర్నూలు వైపు చెల్కల్లో, అంటే తేలికపాటి ఎర్ర నేలల్లో, ఆముదం వేసేవాళ్లు ఎరువుల దుకాణం ముందు పడే తర్జనభర్జనలో సగం కూడా విత్తే రోజు గురించి పడరు. నేనైతే ముందు అదును చూస్తాను, బస్తా సంగతి తర్వాత.

దానికి కారణం బూజు తెగులు. గెల నిండా లేత కాయలున్నప్పుడు నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు. మొదట కాయ మీద నీలిరంగు మచ్చ కనబడుతుంది. తర్వాత బూడిదరంగు దూది చుట్టినట్టు బూజు అల్లుకుని, గెల మొత్తం మెత్తబడి కుళ్లిపోతుంది. విత్తిన 50-60 రోజులకు మొదటి గెల పూతకొస్తుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో (జూన్ రెండో వారం నుంచి జులై మొదటి వారం దాకా) విత్తితే ఆగస్టులో పూత, అక్టోబరు తుఫాన్లకల్లా మొదటి గెల కాయ గట్టిపడి ఉంటుంది. పుష్యమి కార్తె చివర, ఆగస్టు మొదట్లో విత్తినవాడి మొదటి గెల సరిగ్గా ఆ వానల్లోనే లేతగా దొరుకుతుంది. మందు కొడదామన్నా ముసురు ఆగితే కదా.

బోరులో నీళ్లుంటే మాత్రం నా ఓటు రబీకే. హస్త, చిత్త కార్తెల్లో విత్తితే బూజు బెడద దాదాపు ఉండదు, దిగుబడీ వానాకాలం కన్నా మెరుగు. కాకపోతే అక్టోబరు దాటించొద్దు. గెలలో పైన ఎర్రటి కుచ్చులతో ఆడపూలు, కింద పసుపు పచ్చని మగపూలు ఉంటాయి. ఎండలు ముదిరేకొద్దీ చివరి గెలల్లో మగపూలే ఎక్కువవుతాయి. అవి కాయవు.

ఇక ఎరువు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. రెండు బస్తాల సూపర్‌లో (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్) భాస్వరం 16 కిలోలే, నత్రజని అసలుండదు. కానీ 11 కిలోల గంధకం వస్తుంది. నూనెగింజకు అది కావాలి, డీఏపీలో అది లేదు. మోయడం కష్టమే అయినా చెల్కకు సూపరే మేలంటాను. అది ఆఖరి దుక్కిలోనే పడాలి.

యూరియాను మాత్రం ఒకేసారి గుమ్మరించొద్దు. ఆముదం గెల తర్వాత గెల వేస్తూ పోయే పంట కాబట్టి విత్తేటప్పుడు కొంత, 30-35 రోజులకు కొంత, 60-65 రోజులకు మిగతాది వేయాలి, అదీ నేలలో పదును (తేమ) ఉంటేనే. మా పక్క చేనాయన ఓసారి మొత్తం ఒకే విడతలో వేశాడు. చేను చూస్తే కళ్లు చల్లబడేంత పచ్చగా ఉండేది. ఆ గుబురులో గాలాడక, బూజు ముందు అక్కడే మొదలైంది.

విత్తడం ఆలస్యమైనవాళ్లు యూరియా పెంచి ఆ లోటు పూడ్చుకుందామని చూస్తారు. ఎక్కువ యూరియా వేసినంత మాత్రాన పూత నాలుగు వారాలు ముందుకు జరగదు. పుష్యమి కూడా దాటిపోయి, బోరు లేకపోతే, ఆ ఏడు నేను ఆముదం మానేసి ఉలవలు చల్లుతాను.