టీజెడ్‌ఎం-బీఎల్ పరీక్షా, పీబీఎంసీ పరీక్షా?

బత్తాయి తొక్క సారమో, తంగేడు పువ్వు సారమో హెచ్‌ఐవీని ఆపుతుందా అని నల్లగొండలో బయోటెక్ చదివే పిల్లలు అడుగుతుంటారు. శాంపిల్‌ను పెద్ద ల్యాబ్‌కు పంపేముందే ఏ పరీక్ష చేయించాలో తేల్చుకోవాలి.

టీజెడ్‌ఎం-బీఎల్ అంటే హీలా అనే, ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాల నుంచి తయారుచేసిన కణాలు. వైరస్ లోపలికి వెళ్తే లూసిఫరేజ్ అనే ఎంజైమ్ వల్ల వెలుగు వస్తుంది, రెండు రోజుల్లో రీడింగ్ చేతికందుతుంది. శాంపిల్‌లో బ్యాక్టీరియా పెరిగితే కణాలు పెరిగే ఎర్రటి ద్రవం (మీడియం) పసుపుపచ్చగా, మబ్బుగా మారుతుంది. కణాలు చచ్చి వెలుగు తగ్గితే మందు పనిచేసిందనే అనిపిస్తుంది. అయినా ఈ మోసం కంటికి దొరుకుతుంది.

పీబీఎంసీ అంటే మనిషి రక్తంలోని తెల్లకణాల్లో కొన్ని రకాలు: లింఫోసైట్లు, మోనోసైట్లు. అసలు జబ్బుకు దగ్గరగా ఉండేది ఇదే, చిక్కు కూడా ఇక్కడే. చచ్చిన బ్యాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్ అనే విషపదార్థం కాస్త ఉన్నా చాలు, మోనోసైట్లు కీమోకైన్లు అనే సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తాయి. అవి కణం మీద వైరస్‌కు తలుపులా ఉండే సీసీఆర్5కు అతుక్కుని, ఆ దారిన వచ్చే వైరస్‌ను అడ్డుకుంటాయి. వైరస్ ఎంత పెరిగిందో చెప్పే పీ24 ప్రోటీన్ పడిపోతుంది. మీడియం తేటగా, కణాలు బాగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 0.22 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాను పట్టేస్తుంది కానీ ఎండోటాక్సిన్ దాటిపోతుంది. ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే మామూలు ఆటోక్లేవ్‌కూ అది లొంగదు.

అందుకే ముందు టీజెడ్‌ఎం-బీఎల్ చేయించమంటాను. పీబీఎంసీకి వెళ్లేముందు ఎల్‌ఏఎల్ పరీక్షతో ఎండోటాక్సిన్ చూడాలి. తొక్క వేయకుండా ఉత్త నీళ్లను కూడా అదే గిన్నెలో మరిగించి, అదే ఫిల్టర్‌లో వడగట్టి, పోల్చి చూడటానికి పక్క సీసాలో పంపండి.