ఒకే బస్సు దారిలో రెండు దేశాల ఇంటి వైద్యులు: ఏడేళ్లు చూసి రాస్తున్న సమీక్ష

మా పెదనాన్నగారి మనవరాలు వచ్చే నెలలో కాపురానికి నెదర్లాండ్స్ వెళ్తోంది. మా వీధిలోని ఇద్దరు అబ్బాయిలు ఎం.ఎస్. చదవడానికి జర్మనీ వెళ్తున్నారు. ముగ్గురి తల్లులూ కర్నూలులో మా ఇంటికి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: అక్కడ జ్వరం వస్తే పిల్లలు ఎవరి దగ్గరికి పోవాలి? వాళ్లకు విడివిడిగా చెప్పిన సంగతులు మరికొందరికి కూడా పనికివస్తాయని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మేము మూడేళ్లు నెదర్లాండ్స్‌లోని వాల్స్ అనే చిన్న ఊరిలోనూ, ఆ తర్వాత నాలుగేళ్లు దానిని ఆనుకొని ఉన్న ఆఖెన్ అనే జర్మన్ నగరంలోనూ కాపురం ఉండి, రెండేళ్ల క్రితం తిరిగి వచ్చాము. వాల్స్ పక్కనున్న గుట్ట మీద నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియం దేశాల సరిహద్దులు మూడూ కలుస్తాయి. వాల్స్‌లో బస్సు ఎక్కితే కొద్దిసేపటికే మనం మరో దేశంలో దిగుతాము. ఫ్యామిలీ డాక్టరును డచ్ భాషలో హౌసార్ట్స్ అనీ, జర్మన్‌లో హౌస్‌ఆర్ట్స్ట్ అనీ అంటారు. రెండింటికీ అర్థం ఇంటి వైద్యుడనే. పేర్లు ఇంత దగ్గరగా ఉన్నా, ఆ ఇద్దరు వైద్యుల పని తీరు మాత్రం చాలా వేరు.

నెదర్లాండ్స్‌లో స్థిరపడడానికి వచ్చినవారు నాలుగు నెలల్లోగా ఆరోగ్య బీమా తప్పనిసరిగా తీసుకోవాలి. మేమున్నప్పుడు, సంవత్సరంలో అయ్యే వైద్య ఖర్చులో మొదటి 385 యూరోలు పెద్దవాళ్లు సొంతంగా పెట్టుకోవాల్సి ఉండేది. అయితే ఫ్యామిలీ డాక్టరును చూడడం ఆ లెక్కలోకి రాదు కనుక, ఎన్నిసార్లు వెళ్లినా ఆయనకు మనం చేతి నుంచి ఇచ్చేది ఏమీ ఉండదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రీమియమూ లేదు, ఆ 385 యూరోల బాధా లేదు. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌లో కుటుంబమంతా పేర్లు నమోదు చేయించుకోవాలి. అత్యవసరమైతే తప్ప, ఆ డాక్టరు చీటీ రాయకుండా పెద్ద ఆసుపత్రిలో స్పెషలిస్టును చూసే వీలు లేదు. ఆ డాక్టరుగారు చీటీ అంత తేలికగా రాయరు.

ఇక్కడే మనవాళ్లకు కోపం వస్తుంది, నాకూ వచ్చింది. ఫోన్ చేస్తే ముందు డాక్టరుగారి సహాయకురాలు మాట్లాడుతుంది. ఎన్నాళ్ల నుంచి, ఎంత జ్వరం, తింటున్నారా లేదా అని అన్నీ అడిగి, చాలాసార్లు పారాసిటమాల్ వేసుకొని మూడు రోజులు చూడమంటుంది. వెళ్లడానికి సమయం ఇస్తే అది పది నిమిషాలే, చెప్పుకోవాల్సిన బాధ కూడా ఒక్కటే. మూడు వారాల దగ్గుకు నేను యాంటీబయాటిక్ అడిగితే, మా డాక్టరుగారు ఊపిరితిత్తులు జాగ్రత్తగా విని, కంప్యూటరు తెరను నా వైపు తిప్పి, డచ్ ఫ్యామిలీ డాక్టర్ల సంఘం ప్రజల కోసం నడిపే వెబ్‌సైటులో దగ్గు గురించి రాసిన పేజీని నాతో పాటు ఓపికగా చదివారు. మందు రాయలేదు, దగ్గు దానంతట అదే తగ్గింది. ఐరోపాలో యాంటీబయాటిక్స్ అతి తక్కువగా వాడే దేశాలలో నెదర్లాండ్స్ ఒకటి కావడానికి ఇలాంటి పది నిమిషాలే కారణమని నేను నమ్ముతున్నాను.

ఆ పద్ధతి మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఒక రాత్రి. మా అమ్మాయికి రెండేళ్లప్పుడు జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. సాయంత్రం ఐదు దాటితే అక్కడ మన డాక్టరు ఉండరు, ఆ ప్రాంతపు డాక్టర్లందరూ వంతుల వారీగా నడిపే రాత్రి కేంద్రానికి ఫోన్ చేయాలి, చేయకుండా నేరుగా వెళ్లకూడదు. ఫోన్ ఎత్తిన ఆవిడ, పాప మీ కళ్లలోకి చూస్తోందా, మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు మూత్రం పోసింది అని అడిగి, ఒక గాజు గ్లాసు తెచ్చి మచ్చ మీద ఒత్తి, గ్లాసులోంచి చూస్తే ఎరుపు పోతోందో లేదో చెప్పమన్నారు. లైటు కింద పాప పొట్ట మీద గ్లాసు ఒత్తినప్పుడు నా చెయ్యి వణికింది. మచ్చ తెల్లబడింది. అలా తెల్లబడకుండా ఎర్రగానే నిలిచి ఉంటే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) లాంటి ప్రమాదం ఉండవచ్చనీ, వెంటనే పిలిపించేవాళ్లమనీ ఆవిడ చెప్పారు. మళ్లీ రెండు గంటలకు ఆవిడే ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడిగారు.

దాని లోపం కూడా దాచకుండా చెప్పాలి. ఏ పనీ చేయలేనంత నీరసంగా ఉందని నేను రెండుసార్లు వెళ్తే, చిన్న పిల్ల తల్లికి అది సహజమని విశ్రాంతి తీసుకోమన్నారు. మూడోసారి పట్టుబడితే రక్తపరీక్ష రాశారు, థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. రెండు నెలలు ఊరికే బాధపడ్డాను. భాష సరిగా రాక, మొహమాటపడి, బాధను తగ్గించి చెప్పే మనలాంటివారికి ఆ దేశంలో ఈ ఇబ్బంది ఎక్కువ. అక్కడ ఉన్నది ఉన్నట్టుగా, అవసరమైతే రెండుసార్లు, గట్టిగా చెప్పాలి.

ఆఖెన్‌లో నా థైరాయిడ్ కథ మరోలా నడిచింది. మొదటి రోజే రక్తం తీశారు, స్పెషలిస్టుకు చీటీ రాశారు, నెలలోపు మెడకు స్కానింగ్ కూడా అయిపోయింది. జర్మనీలో నచ్చిన డాక్టరును ఎంచుకోవచ్చు, నచ్చకపోతే మారవచ్చు, చాలా రకాల స్పెషలిస్టులను నేరుగా కూడా చూడవచ్చు. ఫోటో ఉన్న బీమా కార్డును మూడు నెలలకొకసారి రిసెప్షన్‌లో యంత్రంలో పెడితే చాలు, చూసినందుకు డబ్బు అడగరు. మందుల షాపులో మాత్రం ధరలో పదో వంతు, అయిదు యూరోలకు తగ్గకుండా పదికి మించకుండా, మనం కట్టాలి. ముప్పై ఐదేళ్లు దాటితే మూడేళ్లకొకసారి ఉచితంగా సాధారణ ఆరోగ్య పరీక్ష చేస్తారు. ఊరికే పరీక్షలు చేయడం అనవసరమనే డచ్ డాక్టర్లతో వేగిన నాకు అది పెద్ద ఊరటగా అనిపించింది.

ఉద్యోగం చేసేవారికి మరో తేడా ముఖ్యం. జర్మనీలో జబ్బు మూడు రోజులకు మించితే సెలవు కోసం డాక్టరు ధ్రువపత్రం కావాలి, కంపెనీ కోరితే ఇంకా ముందే తీసుకోవాలి. సోమవారం ఉదయం క్లినిక్‌లో నిండిన కుర్చీలలో చాలామంది దాని కోసమే వచ్చేవారు. నెదర్లాండ్స్‌లో ఫ్యామిలీ డాక్టరు అలాంటి పత్రమే ఇవ్వరు. యజమానికి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదంటే సరిపోతుంది, అనుమానముంటే కంపెనీ నియమించుకున్న వేరే వైద్యుడు చూసుకుంటారు. దాని వల్ల మన డాక్టరుకూ మనకూ మధ్య ఏ బేరమూ ఉండదు. ఈ విషయంలో డచ్ పద్ధతే నాకు మేలనిపించింది.

జర్మనీలో కష్టమంతా లోపలికి అడుగు పెట్టడంలోనే ఉంది. ఐదు క్లినిక్‌లు కొత్తవారిని చేర్చుకోవడం లేదన్నాయి, ఆరోది ఒప్పుకుంది. సమయం తీసుకొని వెళ్లినా గంట కూర్చోవాలి, బుధవారం మధ్యాహ్నాలు చాలా చోట్ల మూసి ఉంటుంది. వేచి ఉండే గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ముక్కూమొహం తెలియని అందరికీ నమస్కారం చెప్పి కూర్చోవడం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తొచ్చే మంచి అలవాటు. నా వివరాలన్నీ ఒకచోట ఉండేవి కావు, స్కానింగ్ రిపోర్టును నేనే ఒక డాక్టరు నుంచి మరో డాక్టరుకు మోసుకెళ్లేదాన్ని. దేశమంతటికీ ఎలక్ట్రానిక్ ఆరోగ్య ఫైలు 2025లో వచ్చింది, అప్పటికి మేము అక్కడ లేము.

కర్నూలుకు వచ్చాక ఈ మోసుకెళ్లడం ఎంత దూరం పోతుందో మా నాన్నగారి విషయంలో చూశాను. ఆయనకు షుగరు, బీపీ ఉన్నాయి. ఈ ఊరిలో ఉదయం కాలు నొప్పి అంటే మధ్యాహ్నానికి ఎముకల డాక్టరును చూసి, సాయంత్రానికి ఎక్స్‌రే చేతిలో పెట్టుకొని ఇంటికి రావచ్చు. రాయచూరు, గద్వాల నుంచి కూడా జనం ఇక్కడికి వచ్చేది అందుకే. ఆ వేగాన్ని నేను తక్కువ చేయను. కానీ నాన్నగారి ప్లాస్టిక్ కవరులో ముగ్గురు డాక్టర్ల ఫైళ్లు మూడు ఉండేవి, ఒకరు రాసింది మరొకరు చూసేవారు కాదు. రెండు వేర్వేరు పేర్లతో ఒకే బీపీ మందును ఆయన నెలన్నర వేసుకొని, లేచి నిలబడితే కళ్లు తిరిగి గోడ పట్టుకొని నడిచారు. ఆ సంగతి కనిపెట్టింది మందుల షాపు కుర్రవాడు.

2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో పాటు నెలకు రెండుసార్లు పల్లెలోకే వచ్చి చూడాలని నియమం పెట్టారు. ఒకే ఊరి మనుషులను ఒకే డాక్టరు మళ్లీ మళ్లీ చూడాలన్న ఆ ఆలోచన సరైనది. పట్నంలో ఉన్న మేము కొండారెడ్డి బురుజు దగ్గర ప్రాక్టీసు చేసే ఒక పెద్దాయనను, ఎంబీబీఎస్ డాక్టరుగారిని, బతిమాలి ఒప్పించాము. స్పెషలిస్టు ఏది రాసినా ముందు ఆయనకు చూపించాకే నాన్నగారు మాత్ర మింగుతారు.

రెండు దేశాలలో ఒకటి ఎంచుకోమంటే, ఆ రెండు నెలల నీరసాన్ని గుర్తుంచుకొని కూడా, నేను వాల్స్ డాక్టరునే ఎంచుకుంటాను. మా ఇంట్లో ముగ్గురి ఆరోగ్య సంగతులూ ఆయనకు తెలుసు. మేము ఆఖెన్ వెళ్లేటప్పుడు ఆయన తన ఫైలులోని ముఖ్యమైన విషయాలను ఒక పేజీలో ఆంగ్లంలో రాసి ఇచ్చారు. జర్మన్ డాక్టరు మొదటి రోజే రక్తం తీయగలిగింది ఆ పేజీ చూసే.

నెదర్లాండ్స్ వెళ్లే అమ్మాయి, జబ్బు చేసేదాకా ఆగకుండా మొదటి వారంలోనే డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. జర్మనీ వెళ్లే అబ్బాయిలు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి రోజులలో ఫోన్ చేసి చూడాలి, అక్కడి డాక్టర్ల లెక్కలు మూడు నెలలకొకసారి కొత్తగా మొదలవుతాయి కనుక అప్పుడు చోటు దొరికే అవకాశం కొంత ఎక్కువ. జర్మనీలో క్లినిక్‌లు మూసి ఉన్న వేళల్లో 116117 నంబరుకూ, ప్రాణం మీదికి వస్తే రెండు దేశాలలోనూ 112కూ ఫోన్ చేయాలి. ముగ్గురూ తమ టీకాల వివరాలనూ, వాడే మందుల అసలు (జనరిక్) పేర్లనూ ఇక్కడి డాక్టరు చేత ఆంగ్లంలో రాయించుకొని చేతి సంచిలో పెట్టుకోవాలి, చెకిన్ చేసే సూట్‌కేసులో వేయకూడదు.