పెద్ద పంజరమా, మూసివేత గడువా: ఏది మేలు?

జంతువులతో చేసే వ్యాపారం ఆగాలని కోరుకునేవాళ్ల మధ్య కూడా దారి దగ్గరే పేచీ. ముందు వాటి బాధ తగ్గిద్దామంటారు కొందరు. ఫలానా తేదీ నుంచి ఈ వ్యాపారమే ఉండకూడదని చట్టం రాయాలంటారు మరికొందరు.

మొదటి దారిలో యూరోపియన్ యూనియన్ చాలా దూరం నడిచింది. 1999లో తెచ్చిన నిబంధనల ప్రకారం 2012 నుంచి గుడ్ల కోళ్లను పాత ఇరుకు పంజరాల్లో పెట్టకూడదు. ఒక్కో కోడికి 550 చదరపు సెంటీమీటర్లు ఉన్నచోట 750 ఇవ్వాలి, గూడూ వాలే కర్రా ఉండాలి. ఆ కోడికి అది చిన్న మేలు కాదు, నేను కొట్టిపారేయను. కానీ రైతు కొత్త పంజరాల మీద డబ్బు పెట్టాడు. అది తిరిగొచ్చేదాకా షెడ్డు నడవాల్సిందే. అసలు పంజరమే వద్దంటే, "మీరు చెప్పినవే కదా పెట్టించాం" అంటాడు. అందులో న్యాయం ఉంది. బాధ తగ్గించబోయి వ్యాపారానికి ఇంకొన్నేళ్ల ఆయుష్షు పోశామన్నమాట.

ఆవుల్లాంటి పశువులు వదిలే, వాతావరణాన్ని వేడెక్కించే వాయువులపై పన్ను వేయడం మూడో దారి. దాని మీద నాకు నమ్మకం లేదు. ఆ పన్నుతో గొడ్డుమాంసం ప్రియమైతే జనం కోడి వైపు మళ్లుతారు. ఒక ఆవు మాంసానికి సాటి రావాలంటే వందకు పైగా కోళ్లు చావాలి.

గడువు కథ వేరు. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని అదే యూరోపియన్ యూనియన్ మెట్లుమెట్లుగా మూసేసింది: తయారైన సరుకు పరీక్షలను 2004లో, ముడిపదార్థాల పరీక్షలను 2009లో, అలా పరీక్షించినవాటి అమ్మకాన్ని 2013లో. తేదీ ముందే తెలియడంతో కంపెనీలు ప్రయోగశాలలో పెంచిన మనిషి చర్మపు పొరల మీద డబ్బు పెట్టాయి. అమ్మకాన్ని కూడా ఆపడం ముఖ్యం. బ్రిటన్ 2000లో ఫర్ (బొచ్చు చర్మం) కోసం జంతువుల పెంపకాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, బయటినుంచి ఫర్ తెప్పించి అమ్మడాన్ని మాత్రం ఆపలేదు.

గడువు అన్నిచోట్లా నెగ్గదు. 2022లో స్విట్జర్లాండ్‌లో పారిశ్రామిక పశుపోషణ వద్దన్న ప్రతిపాదన 25 ఏళ్ల వ్యవధి ఇచ్చినా ప్రజల ఓటులో ఓడిపోయింది. అందుకే ఒక్కో వ్యాపారాన్నీ విడిగా పట్టుకోవాలంటాను. దక్షిణ కొరియా 2024 జనవరిలో కుక్కమాంసం వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం చేసి 2027 దాకా గడువు పెట్టింది, పెంపకందారులకు పరిహారం కూడా ఇస్తోంది. ముందు మూసినవాళ్లకు ఎక్కువ. ఇది నాకు నచ్చింది.

అయితే ఆ జంతువుల చేత కొత్తగా పిల్లల్ని పుట్టించడం ఎప్పుడు ఆపాలో కూడా ఇలాంటి చట్టంలోనే రాయాలి. లేకుంటే చివరి రోజున షెడ్డులో మిగిలినవి వధకే పోతాయి.