ప్రాచెట్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి: మొదటి నవలా, ఎనిమిదోదా?

ఇంగ్లిష్ హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ ఫాంటసీ నవలలు 41. వేటితో మొదలుపెట్టాలన్న దగ్గరే అభిమానులకు పడదు.

1983 నాటి ‘ద కలర్ ఆఫ్ మేజిక్’తోనే అని ఒక వర్గం. తాబేలు మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్లెంలాంటి ప్రపంచం, యజమాని వెంట పరుగెత్తే కాళ్ల పెట్టె. అల్లరికి కొదవ లేదు. కాకపోతే వెక్కిరింతలు చాలావరకు పాత ఫాంటసీ కథల మీదే. అవి చదవనివాళ్లకు నవ్వు అందదు.

రెండో వర్గం 1989లో వచ్చిన ఎనిమిదో నవల ‘గార్డ్స్! గార్డ్స్!’ చేతిలో పెడుతుంది. నా ఓటు దీనికే. ఇక్కడ నవ్వు మనుషుల్లోంచి పుడుతుంది. ఇందులో పరిచయమయ్యే కాపలాదళం కెప్టెన్ వైమ్స్, 1993లో వచ్చిన ‘మెన్ ఎట్ ఆర్మ్స్’లో బూట్ల లెక్క ఒకటి వేస్తాడు. యాభై డాలర్ల బూట్లు ఏళ్లతరబడి మన్నుతాయి. పది డాలర్లవి ఒకటి రెండు సీజన్లకే నీళ్లు పీలుస్తాయి. పదేళ్లలో పేదవాడు వంద డాలర్లు పోసినా కాళ్లు తడుస్తూనే ఉంటాయి! లేనివాడికే ఖర్చెక్కువని ఇంత సూటిగా చెప్పిన హాస్య రచయిత నాకు మరొకరు తగల్లేదు.

చివరి నవలల్లో పట్టు సడలిందన్న మాటతో మాత్రం నేనూ ఏకీభవిస్తాను. 2007లో ఆయన అల్జీమర్స్ సంగతి బయటపెట్టారు. ఆ తర్వాతివి ఆఖర్న చదవండి.